పెట్రోల్ అందని బండి

వన్ టౌన్, విశాఖపట్నం
11-1-1998

తమ్ముడు వాసుకి,

అక్క ధన రాస్తున్నాను. కోయంబత్తూరు చలికి చెవులు పోతున్నాయని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి అమ్మ మఫ్లరు కొనమని నా ప్రాణం తీసింది. కొన్నాను. దాన్ని ఎండు నెత్తళ్ళతో కలిపి ఒకే పార్సిలులో పంపమంటోంది. వాసన పడుతుందే అంటే, "పడనీ, ఆడికి ఇల్లు గురుతొత్తాది" అంటోంది.

ఈ ఉత్తరం నిజానికి మీ బావ రాయిస్తున్నాడు. రెండో తరగతిలోనే పుస్తకం మూసిన మనిషి, నీకు తెలుసుగా. ఫోన్లో అరిస్తే సగం గాలికి పోతోందట, అందుకని "నాను సెప్తాను, నువ్వు రాయే" అని పక్కన కూర్చున్నాడు.

దసరాకి నువ్వొచ్చి ఆ పాత తెల్లకారులో జపాన్ ఇంజను, టర్బో బిగించి వెళ్ళావు కదా. మెల్లగా నడిపితే పోటు లేనప్పుడు బోటు నడిచినట్టు ఉంది. కాలు గట్టిగా నొక్కితే టర్బో ఈల వేసి ముందుకు దూకుతుంది. రెండు ఊపిరుల సేపు బాగా లాగి, తర్వాత వెనకనుంచి ఎవరో జుట్టు పట్టుకున్నట్టు ఆగి ఆగి కుదుపుతుంది. కాలు తీస్తే మళ్ళీ మామూలే. ప్లగ్గులు మార్చాడు, మార్పు లేదు. "బామ్మర్ది కట్టిన బండి, ఆడే సెప్పాల" అంటున్నాడు.

ఇక్కడివరకూ ఆయన మాటలు. ఇప్పుడు హార్బరుకి వెళ్ళాడు, బోట్లకి ఐసు దించాలట. ఇది నా మాట. ఒకసారి భీమిలి రోడ్డులో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ వేగంలో సముద్రం ఒక గీతలా అయిపోయింది, తమ్ముడూ. మీ బావ మొహం చూశాను. పెళ్ళినాడు కూడా అంత సంతోషంగా లేడు.

మా అత్త గంగాలమ్మ నిన్ను అడిగానని రాయమంది.

మీ అక్క,
ధనశ్రీ

కోయంబత్తూరు
20-1-1998

అక్కా,

మఫ్లరు అందింది. మా రేసు కార్ల షెడ్డులో అందరూ నన్ను ఎండు చేప అని పిలుస్తున్నారు. అమ్మకి చెప్పకు.

బావకి ఇది నిదానంగా చదివి వినిపించు. టర్బో అంటే ఇంజను నోట్లోకి గాలి బలవంతంగా కుక్కే పంకా. గాలి ఎంత ఎక్కువైతే పెట్రోలూ అంత ఎక్కువ పడాలి. అది పడకపోతే ఆ మంట మామూలు మంట కాదు, గ్యాసు వెల్డింగు మంటలా ఉంటుంది. కుదుపు వస్తోందంటే పై వేగంలో పెట్రోల్ చాలడం లేదని నా అనుమానం. డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడు వస్తే మాత్రం వెంటనే కాలు తీసెయ్యాలి. ఆ చప్పుడు మీద ఇంకా తొక్కితే పిస్టను కరిగిపోతుంది.

ఊహ మీద సామాను మార్చొద్దు. ముందు కొలవాలి. పెట్రోల్ ఒత్తిడి చూపే ప్రెషరు గేజు ఒకటి పంపుతున్నాను. దాన్ని బానెట్టు మీద, అద్దానికి బయట కట్టాలి. పెట్రోల్ గొట్టం ఏ పరిస్థితిలోనూ లోపలికి తేకూడదు. మామూలుగా ముల్లు మూడు దగ్గర ఉండాలి, టర్బో ఊదినప్పుడు ఇంకా పైకి వెళ్ళాలి. అలా కాకుండా కిందికి దిగితే ఇంజను ఆకలితో ఉన్నట్టు. నడిపేవాడు గేజు చూడకూడదు, ఇంకో మనిషి చూడాలి. హార్బరు కుర్రాళ్ళలో ఒకడిని పెట్టుకోమను.

నాన్న బోటు ఇంజను గురక మారితే నాకంటే ముందు నీకే తెలిసేది కదక్కా. నువ్వు రాసిన 'జుట్టు పట్టుకున్నట్టు' అన్న మాట మా మేస్త్రీకి అరవంలో చెప్పాను. చాలాసేపు నవ్వి, రాసిందెవరని అడిగాడు.

వాసు

వన్ టౌన్
8-2-1998

తమ్ముడూ,

గేజు చూసే మనిషిని నేనే. మీ బావ హార్బరు కుర్రాళ్ళని నమ్మడట. తెల్లారుతూనే నన్ను లేపి కూర్చోబెట్టుకుంటాడు. అతను రోడ్డు చూస్తాడు, నేను ముల్లు చూస్తాను.

నువ్వు చెప్పినట్టే అయింది. ఈల మొదలవగానే ముల్లు మూడు దాటి పైకి పోయింది. అక్కడ వణికి, మెల్లగా రెండున్నరకి, ఇంకా కిందికి దిగింది. దిగిన క్షణానికే కుదుపు. "దిగింది బావా" అని అరిచాను. "ఇంకొంచెం సూడు, ఇంకొంచెం" అంటాడు గాని కాలు తియ్యడు.

ఇంకో సంగతి. ఆ రోడ్డు మీద ఆ వేళకి ఎవరుంటారో నీకు తెలుసు. చేపల వేలంపాట అయ్యాక మన జాలరిపేట ఆడవాళ్ళంతా బుట్టలు నెత్తిన పెట్టుకుని కాలనీల వైపు నడిచేది ఆ రోడ్డునే. మొన్న వంపు తిరిగేసరికి సీతాలు పిన్ని రోడ్డు దాటుతోంది. కారు ఆమెకి తగల్లేదు. ఆ గాలికే బుట్ట పడిపోయింది, చేపలన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆపమన్నాను. "ఏటవనేదులే, తగల్నేదు కదా" అని పోనిచ్చాడు. అద్దంలో చూస్తే ఆమె వంగి ఏరుకుంటోంది, ఆమె వెనక అమ్మ ఉంది. అమ్మ నన్ను చూసిందో లేదో తెలీదు. ఆ సాయంత్రం పేటకి వెళితే ఆ మాటే ఎత్తలేదు.

బండికి పెట్రోల్ అందకపోతే వేగంగా పోదు కదా? ఊరికే అడుగుతున్నాను.

ధన

కోయంబత్తూరు
17-2-1998

అక్కా,

నువ్వు గేజు చదవడం మా మేస్త్రీకి భలే నచ్చింది. 'పైకి పోయి, వణికి, మెల్లగా దిగింది' అన్నావు చూడు, దాంట్లోనే జవాబుంది. మొదట్లో పైకి పోయిందంటే ఒత్తిడి సరిచూసే రెగ్యులేటరు బాగానే ఉంది. తర్వాత నిలవలేదంటే ఫిల్టరు మూసుకుపోయి ఉండాలి, లేదా డిక్కీలో పెట్రోల్ తోడే పంపుకి కరెంటు చాలడం లేదు. బావని ఇలా చెయ్యమను. ఫిల్టరు మార్చాలి. ఇంజను నడుస్తుండగా పంపు దగ్గర మీటరు పెట్టి చూడాలి. బ్యాటరీ దగ్గర పదమూడు పైన ఉండి, పంపు దగ్గర పది ఉంటే తప్పు వైరుది. బ్యాటరీ నుంచి లావు వైరు, మధ్యలో రిలే అనే స్విచ్చు వేసి నేరుగా పంపుకి ఇవ్వాలి. డిక్కీలో పంపు ఎర్తు వైరు ఒక బోల్టుకి బిగించి ఉంటుంది, దాని కింద రంగు గీకి ఇనుము మెరిసేదాకా శుభ్రం చెయ్యాలి. ఆ బోల్టు ఏ కొంచెం వదులైనా మెల్లగా నడిపేటప్పుడు ఏమీ తెలీదు. పంపు గట్టిగా పని చెయ్యాల్సి వచ్చినప్పుడే మొహం చాటేస్తుంది.

నువ్వడిగిన దానికి: అవును, పెట్రోల్ అందకపోతే బండి లాగదు. అంతే.

సీతాలు పిన్నికి చేపల ఖరీదు ఇచ్చెయ్యమని బావకి చెప్పు. పాపం.

వాసు

వన్ టౌన్
6-3-1998

తమ్ముడూ,

మీటరు పెట్టి చూస్తే నువ్వన్నట్టే పంపు దగ్గర పది. లావు వైరు వేశారు, ఫిల్టరు మార్చారు, బోల్టు కింద గీకారు. మర్నాడు పొద్దున్న ముల్లు మూడు దాటింది, నాలుగు దగ్గర కొట్టిన మేకులా నిలబడింది. కుదుపు లేదు. భీమిలి ఎప్పుడొచ్చిందో తెలీలేదు. మీ బావ కారు ఆపి బానెట్టుకి ముద్దు పెట్టాడు, తర్వాత నాకు.

ఇప్పుడు స్టీల్ ప్లాంటు కాంట్రాక్టరు గారబ్బాయి భీమశంకరరావుతో పందెం వేసుకున్నాడు. భీమిలి నుంచి జాలరిపేట దాకా, తెల్లవారు జామున, ఎవరు ముందొస్తే వాళ్ళు గెలిచినట్టు. పరవాడ వైపు ఏదైనా ఖాళీ రోడ్డులో పెట్టుకోకూడదా అంటే, అక్కడ బొగ్గు లారీలట. "మరి మనోల్లు నడిసీ రోడ్డు బావా, అమ్మ నడిసీ రోడ్డు" అన్నాను. "హారను కొడతాను కదే" అన్నాడు.

అత్తకి చెప్పాను. పడుచుతనంలో ఆవిడా ఆ రోడ్డునే బుట్ట మోసింది కదా, ఒక మాట చెబుతుందనుకున్నాను. "మొగోడికి ఏదో ఓ సరదా ఉండాల" అంది.

ఇది రాసి పోస్టు చెయ్యకుండా ఉంచాను. ఇవాళ పొద్దున్న ముల్లు మళ్ళీ దిగింది, పాత కుదుపే. మీ బావ నిన్ను అడగమంటున్నాడు.

ధన

కోయంబత్తూరు
15-3-1998

అక్కా,

ఇది నాకు అంతుపట్టడం లేదు. నయమైన జబ్బు వారంలో ఎందుకు తిరగబెట్టింది? బావని కొన్ని సంగతులు చూడమను. కుదుపు వేడి మీద వస్తోందా, చల్లగా ఉన్నప్పుడూ వస్తోందా? ట్యాంకు నిండా ఉన్నప్పుడా, అడుక్కి పోయాకా? అన్ని రోజులూ ఉంటోందా?

ఏదైనా కానీ పంపు పాతది, నమ్మలేం. ఇంకా పెద్ద పంపు ఒకటి లారీ పార్సిలులో వేస్తున్నాను. దాంతో ముల్లు నిలబడితే టర్బో స్క్రూ అర చుట్టు బిగించి గాలి పెంచుకోవచ్చు, భీమశంకరరావు దుమ్ము తిని వస్తాడు. నిలబడకముందు మాత్రం ఆ స్క్రూ ముట్టుకోవద్దు. ఈ మాట రెండుసార్లు చదువు బావకి.

పందెం నాడు నేనక్కడ ఉంటే ఎంత బాగుండు! మనింటి బండి గెలిస్తే అమ్మ కూడా చూస్తుంది కదా.

వాసు

వన్ టౌన్
2-4-1998

వాసూ,

పంపు అందింది, బిగించారు. స్క్రూ సంగతి నువ్వన్నట్టే రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడే లేచి వెళ్ళి అర చుట్టు తిప్పేశాడు.

నువ్వడిగిన వాటికి జవాబులు. వేడికీ చల్లకీ సంబంధం లేదు. ట్యాంకుకీ లేదు. ఒక్కోరోజు ముల్లు నిలుస్తుంది, ఒక్కోరోజు దిగుతుంది. హార్బరు కుర్రాడు వరహాలు మీటరు పెట్టి చూసి, ఎర్తు బోల్టు వదులైందన్నాడు. బిగించారు. మళ్ళీ వదులైంది. స్ప్రింగు వాషరు వేసి బిగించారు. అయినా వదులైంది. "ఈ బండికి దెయ్యం పట్టినాది" అంటున్నాడు మీ బావ. నామీద చెయ్యెత్తే మనిషి కాదు, నీకు తెలుసు. ఇప్పుడు ఇంట్లో మాటాడ్డమే మానేశాడు. కారు చుట్టూ తిరుగుతాడు, చెవి పెట్టి వింటాడు.

పందెం ఈ నెల పధ్నాలుగు, మంగళవారం. ఆ రోజు నన్ను ఎక్కించుకోడట. ఒక మనిషి బరువు తగ్గుతుంది కదా అన్నాడు.

అమ్మకి కాలు నొప్పి. ఒక నెల బుట్ట ఎత్తొద్దని బతిమాలాను. వినడం లేదు.

ధన

కోయంబత్తూరు
9-4-1998

అక్కా,

ఈ ఉత్తరం బావకి చదవొద్దు. గది తలుపు వేసుకుని నువ్వొక్కదానివే చదువు.

స్ప్రింగు వాషరు వేసిన బోల్టు మూడుసార్లు దానంతటది ఊడదు. ఎవరో ఇప్పుతున్నారు. ఆ బోల్టు సంగతి ఆ ఇంట్లో ముందు చదివింది నువ్వు. నాన్న పానాలు పట్టుకుని పెరిగినదానివి నువ్వు. నీ ఉత్తరాలన్నీ ముందు వేసుకుని మళ్ళీ చదివాను. ప్రతి దాంట్లోనూ నువ్వు రోడ్డు గురించే చెప్పావు. నేను ముల్లు గురించే విన్నాను. చేపల ఖరీదు ఇమ్మన్నానే, నన్ను చెప్పుతో కొట్టాలి.

అక్కా, పెట్రోల్ అందకపోతే బండి లాగదు అని రాశాను. అది మామూలు బండి మాట. ఈ బండి అలా కాదు. సగం ఆకలితో ఉన్న టర్బో నెమ్మదించదు, కాలుతుంది. పందెంలో బావ కుదుపు లెక్క చెయ్యడు, తొక్కుతూనే ఉంటాడు. పైగా స్క్రూ బిగించి ఉంది. ఆ వేగంలో పిస్టను పోతే ఇంజను బిగుసుకుపోతుంది, వెనక చక్రాలు తిరగడం మానేస్తాయి, బండి ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఆ పక్కనే అమ్మ నడుస్తుంటుంది.

ఆపాలంటే పూర్తిగా ఆపు. పంపు ఫ్యూజు లాగి సముద్రంలో పారెయ్యి. బండి స్టార్టే కాదు, ఎవరికీ ఏమీ కాదు. సగం మాత్రం చెయ్యకు.

నిన్న ఇంటికి ఫోను చేశాను, బావ ఎత్తాడు. నీకివ్వమంటే పేటకి వెళ్ళావన్నాడు. నేనొచ్చేదాకా గట్టిగా తొక్కొద్దంటే, "నువ్వొచ్చీసరికి గెలిసీసుంటాను రా" అని నవ్వాడు. నీ సంగతి ఆయనకి చెప్పలేకపోయాను. మద్రాసు ట్రాకు మీద మా బళ్ళ పరీక్ష వచ్చే గురువారం దాకా ఉంది, అది అయిన వెంటనే బయల్దేరతాను.

వాసు

కోయంబత్తూరు
24-4-1998

అక్కా,

నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. అత్త ఫోన్లో చెప్పిందే నాకు తెలిసింది. బావకి కుడికాలు మోకాలి కింద తీసేశారని, బతికి ఉన్నాడని. నేను పంపిన పంపు వల్లే ఇంజను పేలిందని బావే అన్నాడట. "నా గుమ్మం తొక్కకురా" అంది అత్త, అందుకే బయల్దేరబోయినవాడిని ఆగిపోయాను. నేను అవునన్నాను, పంపు నాదేనన్నాను.

అది అలాగే ఉండనీ. నువ్వేమీ మాటాడకు. నేను దూరంగా ఉన్నవాడిని, పడతాను. నా ఉత్తరం సోమవారమే అందిందా లేదా, అది ఒక్కటి రాయి. నేను గురువారం దాకా ఆగకుండా ఉండాల్సింది.

వాసు

జాలరిపేట
10-5-1998

వాసూ,

ఇకనుంచి ఉత్తరం ఈ అడ్రసుకే రాయి. అమ్మ దగ్గర ఉంటున్నాను.

నీ ఉత్తరం సోమవారం మధ్యాహ్నమే అందింది. చదివి పానా పట్టుకుని కిందికి పరిగెత్తాను. పొద్దున్న తోలుకెళ్ళిన కారు తిరిగి రాలేదు. ఒకరి బండిని ఒకరు ముట్టుకోకుండా రెండు కార్లూ ముందే భీమశంకరరావు వాళ్ళ షెడ్డులో పెట్టి తాళం వేశారట. అక్కడికీ వెళ్ళాను. కాపలావాడు గేటు తియ్యలేదు.

సాయంత్రం మీ బావ అన్నానికి వచ్చాడు. దాచలేదు, చెప్పేశాను.

"బావా, డిక్కీలో ఎర్తు బోల్టు వదులుగా ఉంది. నానే ఇప్పీసాను. అన్నిసార్లూ నానే."

కలుపుతున్న చెయ్యి ఆగింది. నా మొహం చూసి నవ్వాడు.

"పందెం మానిపించడానికి ఏటేటి కట్టుకథలు అల్లుతన్నావే! షెడ్డుకి తోలే ముందు నాను సూసుకున్నాను, బిగుతుగానే ఉంది."

"నువ్వు సూసి సొక్కా మార్చుకోడానికి లోనికి ఎల్లావు కదా, అప్పుడు ఇప్పీసాను. నీ కాళ్ళట్టుకుంటాను, ఒక్కపాలి సూసుకో. బండి కాలిపోద్దని వాసు రాసాడు."

"వాసు రాత్తే నాకు సదివీదానివి కదా. సాల్లే, సేప ముక్క ఎయ్యి."

ఉత్తరం తెచ్చి ముందు పెట్టాను. అక్షరాల మీద కళ్ళు ఆనించి, చదవలేక, మడిచి నా చేతిలో పెట్టాడు. నమ్మలేదు, తమ్ముడూ. అబద్ధం ఆడినన్నాళ్ళూ నమ్మాడు.

తెల్లారకముందే పేటకి వచ్చేశాను. పాట అయిపోయి ఆడవాళ్ళు బుట్టలు ఎత్తుకుంటున్నారు. రోడ్డెక్కొద్దని అడ్డం నిలబడ్డాను. ఎందుకో చెప్పమంటే, ఒక్క గంట ఆగండంతే అన్నాను. నవ్వారు. అమ్మ ఒక్కతే నా మొహంలోకి చూసి బుట్ట దించి ఇసకలో కూర్చుంది. అమ్మ కూర్చుంటే మిగిలినవాళ్ళూ కూర్చున్నారు. సీతాలు పిన్ని మాత్రం "ఎండెక్కితే సేపలెవులు కొంటారే" అని నడిచింది. పరిగెత్తి ఆమె చీర కొంగు పట్టుకున్నాను, విదిలించుకుంటున్నా వదల్లేదు.

ముందు భీమశంకరరావు బండి పోయింది. మన బండి కంటికి కనబడకముందే వినబడింది. ఈల, దాని కింద గులకరాళ్ళ చప్పుడు. కాలు తియ్యి బావా, తియ్యి అని అక్కడినుంచే అరిచాను. ఇంజను లోపల ఏదో పెద్దగా విరిగింది. ఆ తర్వాత చక్రాలు తిరగని చప్పుడు. పిన్ని దాటాల్సిన చోట కారు అడ్డంగా జారుకుంటూ పోయి సముద్రం వైపు దీపం స్తంభానికి కొట్టుకుంది. రోడ్డంతా నూనె, నీలం పొగ. మనవాళ్ళే పరిగెత్తి తలుపు విరగ్గొట్టి తీశారు. తన లుంగీ చింపి కాలికి కట్టింది పక్కింటి ముసలి తాత. బండి ఎవరిదని ఎవరూ అడగలేదు.

బోల్టు బిగించి ఉంటే ఏమయ్యేది? ఇంకా వేగంగా, ఆగకుండా, ఆడవాళ్ళ మధ్యలోంచి వెళ్ళేవాడేమో. లేక హారను కొట్టుకుంటూ క్షేమంగా దాటేవాడేమో. రోజూ అడుగుతున్నాను నన్ను నేను. తేలడం లేదు.

ఆసుపత్రిలో మీ బావకి మాట వచ్చాక, అత్తని కాఫీకి పంపించి అన్నాడు.

"నిజవే సెప్పేవన్నమాట."

"ఊఁ."

"పోలీసులకి టైరు పేలినాదని సెప్పాను. మా అమ్మకి వాసు పంపిన పంపు వల్లేనని సెప్పాను. నీ పేరు ఎక్కడా రానివ్వనేదు, రానివ్వను కూడా." నా మణికట్టు పట్టుకున్నాడు. మెల్లగానే పట్టుకున్నాడు. "నువ్వింక నాతోనే ఉంటావు కదా. ఎక్కడికీ ఎల్లవు కదా."

కోపం లేదు ఆ గొంతులో. అందుకే భయం వేసింది. ఆ మాట నా నెత్తి మీద బతుకంతా వేలాడుతుందని తెలిసింది. ఆయన మంచం పక్కన కూర్చోడానికి నాకు కష్టం లేదు, ఒంటికాలి మనిషికి చాకిరీ చెయ్యడానికీ కష్టం లేదు. ఆ మాట కింద బతకలేను.

అదే సాయంత్రం వరండాలో అత్తకి చెప్పేశాను. నువ్వు పడ్డ నింద నీది కాదని కూడా చెప్పాను. అత్త అరవలేదు. క్యారేజీ విప్పుతూ వింది.

"ఆ పొద్దున్న రోడ్డు మీద ఎవులెవులున్నారు?" అంది.

పేర్లు చెప్పాను. అమ్మ, సీతాలు పిన్ని, ఇంకా అందరివీ. ఒక్కో పేరుకీ తలూపింది. అయ్యాక, "బండిలో నా కొడుకు ఉన్నాడే, ధనా" అంది. క్యారేజీ మళ్ళీ మూసేసింది. "ఇంటికి రాకు."

మీ బావ రెండుసార్లు కబురు పంపాడు, రమ్మని, ఏమీ అననని. పోలీసులకి నేనే నిజం చెప్పాక వస్తానన్నాను. వచ్చే సోమవారం స్టేషనుకి వెళుతున్నాను. అమ్మ తోడొస్తానంది. నువ్వు ఇప్పుడు రావద్దు. వస్తే నన్ను ఆపుతావు.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. నిన్న భీమశంకరరావు పేటకి వచ్చాడు, చేపలు కొనడానికి కాదు. తన బండికీ టర్బో పెట్టిస్తాడట. మీ ఆయన ఉమామహేష్ బండికి పెట్రోల్ పని చేసిన మీ తమ్ముడి అడ్రసు కావాలన్నాడు. ఇంత జరిగాక కూడానా అంటే, "ఆ బండి ఎంత లాగిందో నేను పక్కనుంచి చూశానండి" అన్నాడు. కళ్ళలో అదే సంతోషం. అడ్రసు ఇవ్వలేదు. ఎక్కడో అక్కడ సంపాదిస్తాడు, నీకు రాస్తాడు. చక్కగా రాస్తాడు కూడా, చదువుకున్నవాడు.

ముల్లు ఎంత దిగిందో రాస్తాడు గాని ఏ రోడ్డు మీద దిగిందో రాయడు. అది నువ్వే అడగాలి, వాసూ.

అమ్మ బుట్ట ఎత్తుకుంది. నేనూ వెళుతున్నాను.

అక్క